ఆదివారం అన్నం

అశోక్‌నగర్, హైదరాబాద్
24 నవంబర్ 2024, ఆదివారం

ఒకప్పుడు నా పక్క మంచం మీద పడుకున్న రేణుకకు,

స్వరూప నమస్కారాలు. నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. మొదటి సగం నిజం. రెండో సగం నేను తలవడం లేదు. నా నెంబరు బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. చింపాలనుకుంటే చదివాక చింపు.

గ్రూప్-2 వచ్చే నెల. ఈసారి వాయిదా పడదని అందరూ అంటున్నారు, ఎవరూ నమ్మడం లేదు. చిక్కడపల్లి లైబ్రరీలో నీ సీటులో ఇప్పుడొక నల్గొండ పిల్ల కూర్చుంటోంది. నీకంటే బుద్ధిమంతురాలు, పెన్ను అడిగి తీసుకుంటుంది.

ఇక అసలు సంగతి. యశోదమ్మ ఆంటీ చేత ఇల్లు ఖాళీ చేయించారు. మన హాస్టల్ వెనక సందులో, మనం ప్రతి ఆదివారం తిన్న ఆ ఇంటికి ఇప్పుడు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. రాంనగర్‌లో ఒంటిగది ఇంట్లో ఉంటోంది. సామాను సగం అమ్మేసింది.

ఆమె ఎవరో నువ్వు మరిచిపోయినట్టున్నావు, గుర్తు చేస్తాను. రిటైరైన నర్సు. చర్చి నుంచి వస్తూ నారాయణగూడలో కోడి కొని, హాస్టల్ గేటు దగ్గర నిలబడి, ఎవరెవరున్నరే, ఒచ్చి తిని పోండ్రి అని పిలిచేది. వడ్డించే ముందు కళ్ళు మూసుకుని మన ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించేది. మనల్ని కళ్ళు మూసుకోమని ఏనాడూ అనలేదు. మమ్మల్నెందుకు పిలుస్తవు ఆంటీ అని నువ్వే ఒకసారి అడిగావు. మా ప్రభువు నన్ను ఊకెనే పిలిచి కూసోబెట్టిండు బిడ్డా, నేను మిమ్మల్ని పిలుస్తున్న, గంతే, చల్లారకముందు తిను అంది. నువ్వు ఇంకో ముక్క అడిగి వేయించుకున్నావు.

ఆగస్టులో ఆమె ఒక తప్పు చేసింది. నేను కాదనను. గ్రూప్-1 ప్రిలిమ్స్ పాసయ్యానని నువ్వు మా అందరికీ చెప్పావు. ఫెయిలయ్యానని ఆమె ఒక్కదాని దగ్గరే ఏడ్చావు. ఆమెకు ప్రార్థనలో దాపరికం తెలియదు. దేవుడితో మాట్లాడుతున్నప్పుడు చుట్టూ మనుషులుంటారన్న సంగతే మరిచిపోతుంది. పరీక్ష తప్పిన రేణుకకు ధైర్యమియ్యి తండ్రీ అని అందరి ముందూ అనేసింది. నీ మొహం నల్లబడడం నేను చూశాను. తర్వాత ఆమె నీ చేయి పట్టుకుని, తప్పయింది బిడ్డా, మాఫ్ చెయ్యి అని బతిమాలడమూ చూశాను.

మాఫ్ చేయకపోతే పోయావు, రావడం మానేసి ఊరుకోవాల్సింది. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చి, కూర్చుని, కడుపునిండా తిని, ఆమె ప్రార్థనను ఫోన్‌లో తీశావు. అన్నం ఎర, ఆడపిల్లలు చేపలు అని రాసి కోచింగ్ గ్రూపుల్లో పెట్టావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే అంతవరకూ నాకు ఉట్టి సామెతే. ఆ వీడియో ఆంటీ ఉండే అపార్ట్‌మెంట్ గ్రూపుకు చేరింది. సెక్రటరీ జగదీశ్వర్ గారు వచ్చి, మీరు మంచోళ్లే గానీ అందరికీ పరేషాన్ అయితుంది, జర వేరే కిరాయి చూసుకోండ్రి అన్నారు. ఆ మెట్ల మీద ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా పరిగెత్తుకెళ్ళిన మనిషి ఆమె. సామాను దిగుతుంటే ఒక్క తలుపు తెరుచుకోలేదు.

అప్పటి నుంచి నీ మీద కక్షతోనే నిద్ర లేస్తున్నాను. నీ ప్రిలిమ్స్ సంగతి మీ నాన్నకు చెప్పేద్దామని నెంబరు కూడా నొక్కాను. ఆంటీ ఫోన్ గుంజుకుంది. గా ముసలాయనకు నిద్ర లేకుండ చేస్తే నా ఇల్లు నాకొస్తదా అని కసిరింది. ఆమె నిన్ను క్షమించిందట. అది ఆమె నమ్మకం. నేను ఆమె పక్కన కూర్చుని అన్నం తిన్నాను గానీ ఆ విద్య నాకు పట్టుబడలేదు.

ఇప్పటికీ ఆదివారం రాంనగర్ వెళ్ళి తింటున్నాం. అందరి పేర్లూ చెబుతుంది. నీ వంతు వచ్చేసరికి ఆగి, కాసేపు ఊరకుంటుంది. మళ్ళీ పేరు పలికితే నీకు నొప్పి అని భయం. ఆ కాసేపూ నాకు కడుపు మండిపోతుంది.

నీకు టైఫాయిడ్ అని, నువ్వు మారిన దోమలగూడ హాస్టల్లో మంచం పట్టావని తెలిసి సంతోషించాను. అబద్ధమెందుకు, బాగా అయింది అని పైకే అన్నాను. అయినా త్వరగా కోలుకో. నేను కొట్టే దెబ్బ ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళకే తగులుతుంది. అదేమిటో కింద రాశాను.

ఇట్లు,
నీ మేలు కోరని
స్వరూప

తా.క.: మీ హాస్టల్లో వంట చేసే మాసమ్మ, రాంనగర్‌లో ఆంటీ పక్కింట్లో ఉంటుంది. నీ జ్వరం సంగతి ఆమే చెప్పింది. ఆనాటి నుంచి హాస్టల్ వంట అని మాసమ్మ నీకు పళ్ళెంలో పెట్టి ఇస్తున్న మెత్తటి అన్నం, పెసరకట్టు హాస్టల్‌వి కావు. అరవై మందికి వండే చోట నీకోసం విడిగా కారం లేని వంట ఎవరు చేస్తారో ఒక్కసారైనా ఆలోచించావా. ఆంటీ వండి పంపుతోంది. నీకు చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. తెలిస్తే ఆ పిల్ల తినది, ఇంక నీరసమైతది అంది. ఎర అన్నావు కదా. పేరు చెప్పకుండా ఎర వేసేవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. ఆంటీకి ఇది తెలియదు. ఈరోజు పళ్ళెంలోకి వంపకుండా, ఈ ఉత్తరంతో పాటు కారియరే నీ చేతికిమ్మని మాసమ్మకు చెప్పాను. అడుగున చూడు, యశోదమ్మ అని పేరు కొట్టించి ఉంటుంది. కడిగి మాసమ్మకిస్తే తీసుకోదు. జ్వరం తగ్గాక నువ్వే రాంనగర్ పోయి ఇవ్వాలి. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని మీ అమ్మ నేర్పే ఉంటుంది. ఆంటీ తలుపు తీసి, తిన్నవా బిడ్డా అని అడుగుతుంది. ఆమెకు ఇంకో ప్రశ్న రాదు. నువ్వేం చెబుతావో వినడానికి నేను ఆ గదిలోనే కూర్చుని ఉంటాను.