గ్లాసు అడుగున చెర్రీపండు

నవంబరు 13, 1982
శనివారం

బంగారు అక్కకి,

నువ్వు మఠంలో అందరికీ సిస్టర్ బెనిగ్నావి కావచ్చు, నాకు మాత్రం ఇర్మా అక్కవే. ఈ ఉత్తరం అక్కకి రాస్తున్నాను, సిస్టర్‌కి కాదు. ఇదివరకట్లా మీ ఉత్తరాలు మదర్ విప్పి చదవడం లేదన్నావు కాబట్టి మనసులో ఉన్నదంతా రాసేస్తాను. చదివాక పొయ్యిలో పడెయ్యి.

మూడు రోజుల నుంచి సరస్సు మీది పొగమంచు ఊరు వదలడం లేదు. రేవులో బూర నిమిషానికోసారి మూలుగుతోంది. వంటింటి కిటికీలోంచి చూస్తే కొట్టం లేదు, రోడ్డు లేదు, మిషిగన్ సరస్సే లేదు. తెల్లటి దూదిలో ఇల్లొక్కటీ మిగిలినట్టుంది. నాన్న పోయిన ఈ ఐదు వారాలూ నాకు ఇలాగే గడిచాయి. బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకి వండిపెట్టి వస్తాను, ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటాను, ఏ గది తలుపు తీసినా నాన్న దగ్గు వినిపిస్తుందేమోనని ఆగుతాను.

అలవాటు ఎంత చెడ్డదో విను. నిన్న శుక్రవారం కదా. చేపలకి పట్టించే పిండి కలిపాను, బంగాళదుంప అట్లకి తురిమి పెట్టాను, చీకటి పడుతుండగా గ్లాసులు దించాను. నాన్న పద్ధతి నీకు గుర్తుందా? పంచదార బిళ్ళ, దానిమీద చేదు బిట్టర్స్ నాలుగు చుక్కలు, కమలాపండు ముక్క, వేసవిలో నేను బ్రాందీలో ఊరేసిన చెర్రీ ఒకటి. మేపుల్ కర్రతో తను చెక్కుకున్న బుల్లి రోకలితో నలపాలి. "నలపమన్నాను గానీ చంపమన్నానా? తొక్క చేదెక్కిపోతుందే!" అని కుర్చీలోంచి కేకలు. తర్వాత ఐసు, బ్రాందీ, పైన పంపరపనస సోడా, ఆఖర్న చితకని చెర్రీ ఒకటి. చికాగోలో ఈ ఓల్డ్ ఫ్యాషన్డ్‌నే బ్రాందీకి బదులు విస్కీ పోసి ఇస్తారట. వాళ్ళ ఖర్మ.

మన ఊళ్ళో ఎవరింటికెళ్ళినా గ్లాసు ముట్టుకోకముందే "తీపా, పులుపా?" అని అడుగుతారు. మన ఇంట్లో ఆ ప్రశ్నే లేదు. "నిమ్మసోడా పోసుకుని తియ్యగా తాగేది పాలు మానని పిల్లలు. నా ఇంట్లో పులుపే" అనేవాడు నాన్న. ఫాదర్ వచ్చినా పులుపే, డాక్టర్ వచ్చినా పులుపే. నిన్న నేనూ ఎవర్నీ అడక్కుండా రెండు గ్లాసులు కలిపాను. ఒకటి లాంబర్ట్‌కని బల్ల మీద పెట్టాను. రెండోది తీసుకెళ్ళి నాన్న కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి, "ఇదిగో నాన్నా, చూసి చెప్పు" అన్నాను. అనేశాను అక్కా. ఖాళీ కుర్చీతో.

గుమ్మంలో లాంబర్ట్ నిలబడి ఉన్నాడు. విన్నాడు. నవ్వలేదు, అయ్యో అని కూడా అనలేదు. టోపీ తీసి, కాగితంలో చుట్టిన చేపలు బల్ల మీద పెట్టి, స్టూలు మీది గ్లాసు తనే తెచ్చుకున్నాడు. "బ్రాందీ పారబోస్తే పాపం" అని రెండూ మెల్లగా తాగాడు. ఎప్పట్లాగే చెర్రీలు రెండూ వదిలేశాడు. ఆ మనిషికి చెర్రీ పడదు.

లాంబర్ట్ డెల్వో సంగతి నీకు కొత్తగా చెప్పాలా? పాల లారీ నడుపుతాడు, నోట్లో నాలుక లేదు. నాన్నకి కాళ్ళు పడిపోయి శుక్రవారాలు చేపల భోజనానికి సప్పర్ క్లబ్బుకి వెళ్ళలేకపోతున్నాడని, రేవు నుంచి చేపలు తీసుకుని మన ఇంటికే రావడం మొదలుపెట్టాడు. ఇరవై మూడేళ్ళు! నవంబరులో జింకల వేట వారం వస్తే ఈ జిల్లాలో మగపురుగనేది ఊళ్ళో కనిపించదు కదా, ఆ వారం కూడా వేటగాళ్ళ నారింజరంగు కోటు మీదే అడవిలోంచి దిగి వచ్చేవాడు. "వీడికి జింక కంటే నా బ్రాందీ ఇష్టం" అని నాన్న మురిసిపోయేవాడు.

నాన్నకి తెలియదు గానీ నాకు తెలుసు. వచ్చి బూట్లు విప్పుతూ అతను అడిగే మొదటి మాట ఏమిటో తెలుసా? "అక్క ఉత్తరం రాసిందా?" ప్రతి శుక్రవారం, అక్కా. రాసిందంటే చదవమంటాడు. నీ పియానో క్లాసులు, మీ తోటలో గుమ్మడికాయలు, మీ ముసలి సిస్టర్ల మోకాళ్ళ నొప్పులు అన్నీ చదివి వినిపిస్తాను. నేల చూపులు చూస్తూ ఆఖరి మాట దాకా వింటాడు. ఇంకేమైనా ఉందా అన్నట్టు కాసేపు ఆగుతాడు. తర్వాత "సరే" అంటాడు.

నువ్వు మఠంలో చేరకముందు కోతల పండక్కి నిన్ను డాన్సుకి తీసుకెళ్ళింది అతనే. నీలం గౌనులో నువ్వు తిరుగుతుంటే గోడవారగా నిలబడి చూశాను. నిన్ను మనసులోంచి తీసెయ్యలేక ఆ మనిషి అలా ఉండిపోయాడు. నేను గ్లాసులు కడుక్కుంటూ ఉండిపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, శుక్రవారం వస్తే నేను జుట్టు దువ్వుకుంటాను. నలభై అయిదేళ్ళ దాన్ని. అతను వెళ్ళిపోయాక, అతను వదిలేసిన చెర్రీని సింకు దగ్గర నిలబడి తింటాను. నా వారమంతటికీ అదే పండగ.

ఇంక చాలు. నాన్న లేడు, ఇక వంక కూడా లేదు. నిన్న కూడా అదే ప్రశ్న వేస్తే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్కా, నువ్వే అతనికి ఒక ముక్క రాయి. నువ్వు తిరిగి రావని, ఎదురు చూడొద్దని, శుక్రవారాలు మానుకోమని రాయి. నా నోటితో నేను చెప్పలేను. అతను రావడం మానేస్తే ఈ ఇల్లు అమ్మేసి ఎక్కడికైనా పోతాను.

నీ చెల్లి,
రోజెల్లా

*

నవంబరు 18
గురువారం

చిట్టి రోజీ,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. ప్రార్థన మందిరానికి పట్టుకెళ్ళి మూడు పూటలు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. నా నోటికి ఒక్క ప్రార్థన రాలేదు. ఇప్పుడు నేను రాసేది చదివాక నన్ను అక్కా అని పిలవబుద్ధి కాకపోతే పిలవకు.

ఒసే పిచ్చిదానా, ఆ కోతల పండగ నాడు లాంబర్ట్ నాతో మూడు పాటలకి డాన్సు చేశాడు. మూడు పాటలూ నా కాళ్ళు తొక్కుతూ "మీ చెల్లెలికి డాన్సంటే ఇష్టం లేదా? గోడ దగ్గరే నిలబడిపోయిందేం?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండి ఇంటికి తీసుకుపొమ్మన్నాను.

1959లో, నాన్న కాళ్ళు పడిపోయిన నెలలో, అతను నాకు ఉత్తరం రాశాడు. నిన్ను పెళ్ళి చేసుకుంటానని, నాన్నని ఎలా అడగాలో చెప్పమని. తప్పుల తడక, నిండా సిరా మరకలు. అప్పటికి నాకు చివరి ప్రమాణాలు కాలేదు. ప్రమాణాలు కాని పిల్లకి ఇంట్లో రోగి ఉండి చూసే దిక్కు లేకపోతే మఠం వాళ్ళు ఇంటికి పంపేసేవాళ్ళు. నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే నాన్నకి నేనే దిక్కు. ఆ కుర్చీ, ఆ కేకలు తలుచుకుంటే నా గుండెల్లో రాయి పడింది. దేవుడి పేరు చెప్పుకున్నాను గానీ అది వట్టి భయమే, రోజీ.

అతనికి తిరిగి రాశాను. "నాన్న బతికుండగా రోజెల్లాని అడగొద్దు. అడిగితే నీకూ నాన్నకీ మధ్య నలిగిపోతుంది. సమయం వచ్చినప్పుడు నేనే ఉత్తరం రాసి చెప్తాను. అందాకా ఈ మాట ఎత్తనని ఒట్టు వెయ్యి" అన్నాను. వేశాడు. డాక్టర్ నాన్నకి రెండేళ్ళన్నాడు కదా. రెండేళ్ళే కదా అనుకున్నాను.

నాన్న ఇరవై మూడేళ్ళు బతికాడు. నాకు ప్రమాణాలు మూడో ఏటికే అయిపోయాయి. అప్పుడే రాయాల్సింది. ఎందుకు ఆలస్యం చేశావని మీరు అడుగుతారని సిగ్గేసింది. మరుసటేడు ఇంకా సిగ్గేసింది. సిగ్గు ఊరేసిన కాయలాంటిది, ఏళ్ళు గడిచే కొద్దీ ఘాటెక్కుతుంది. నాన్న పోయాక కూడా ఐదు వారాలు కలం పట్టుకుని కూర్చున్నాను.

"అక్క ఉత్తరం రాసిందా?" అని అతను అడిగింది నా క్షేమం కాదు. నా అనుమతి వచ్చిందా అని. ఆ గుమ్మడికాయల కబుర్లన్నీ అతను ఆఖరి మాట దాకా విన్నది అందుకు. అతను ఎదురు చూస్తుంటాడని తెలిసీ నేను గుమ్మడికాయల గురించే రాశాను. ఇప్పుడు రాస్తున్నాను. లాంబర్ట్ ఒట్టు తీరిపోయింది. నా పాపం తీరదు.

క్షమించమని అడగను. ఆ హక్కు నాకు లేదు.

ఇర్మా

*

నవంబరు 27
శనివారం

అక్కకి,

బంగారు అని రాయబుద్ధి కాలేదు. అక్క అన్నది కూడా అలవాటు కొద్దీ రాశాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. చదివి కొట్టంలోకి వెళ్ళి గొంతు చించుకుని ఏడ్చాను. నాకు పిల్లలుండేవాళ్ళు, అక్కా. ఈపాటికి కోతల పండగలో డాన్సు చేసే వయసు పిల్లలు. నువ్వు పాపం అని ఒక్క ముక్కలో రాసేశావు, నాకేమో ఇరవై మూడు చలికాలాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. నాన్నని వదిలి పెళ్ళికి ఒప్పుకునేదాన్నో లేదో నాకే తెలియదు. కానీ ఆ సంగతి నేను తేల్చుకోవాల్సింది. నువ్వు నన్ను అడగనే లేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగలేదు.

నిన్న శుక్రవారం మంచు పడింది. గాలి లేదు, చప్పుడు లేదు, పెద్ద పెద్ద రేకులు తాపీగా దిగుతున్నాయి. వేట వారం కాబట్టి రోడ్డు మీద ఒక్క బండి లేదు. పొద్దువాలే వేళకి లాంబర్ట్ లారీ రోడ్డు పక్కన ఆగింది, ఆ తెలుపులోంచి నారింజరంగు చుక్క ఒకటి మన గేటు వైపు వచ్చింది. కిటికీ దగ్గరే నిలబడ్డాను. అంత దూరం నుంచి మనిషి దగ్గరపడుతుంటే నాకు కల కంటున్నట్టే ఉంది. ఈసారి జుట్టు దువ్వుకోలేదు. ఉన్నదున్నట్టు చూడనీ అనుకున్నాను.

లోపలికొచ్చాడు. ఒక బూటు విప్పాడు. "అక్క ఉత్తరం రాసిందా?"

"రాసింది" అన్నాను.

నా గొంతులో ఏం విన్నాడో, రెండో బూటు విప్పడం మరిచిపోయాడు. ఒంటి బూటుతో చాప మీద అలాగే నిలబడ్డాడు. నీ ఉత్తరం చేతికిచ్చాను. అతను చదవడంలో నత్తతో సమానం. మంచు కరిగి కోటు మీంచి నేల మీద బొట్లు పడుతున్నాయి. చదవడం అయ్యాక మడిచి బల్ల మీద పెట్టాడు.

నేను గ్లాసులు దించాను. పంచదార బిళ్ళ తీశాను. తీసి, ఆగాను.

"లాంబర్ట్, నీకు తీపా, పులుపా?"

అక్కా, ఆ మొహం నువ్వు చూడాల్సింది. బడిలో ఎవరూ పేరు పెట్టి పిలవని పిల్లాణ్ణి పిలిస్తే ఎలా చూస్తాడో అలా చూశాడు.

"తీపి" అన్నాడు.

"తీపా! మరి ఇరవై మూడేళ్ళు ఆ పులుపు ఎలా మింగావయ్యా?"

"కళ్ళు మూసుకుని."

"చెప్పొచ్చు కదా, నోరు పడిపోయిందా?"

"మీ నాన్న ఇల్లు. అడిగితేనే కదా చెప్పేది."

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది, రెండూ కలిసి కమలాపండుని నిజంగానే చంపేశాను. ఇంట్లో నిమ్మసోడా కూడా లేదు. ఎప్పుడు కొన్నాం గనక? ఒంటి బూటుతోనే లారీ దగ్గరికి గెంతుకుంటూ వెళ్ళి సీటు కింద నుంచి సీసా తెచ్చాడు. ఇక్కడి నుంచి వెళ్ళాక లారీలో కూర్చుని నోరు తీపి చేసుకునేవాడట, దొంగ!

"నీకేది?" అని నన్నడిగాడు. ఎన్ని వేల గ్లాసులు కలిపానో గానీ నాకోసం ఒక్కటీ కలుపుకోలేదు. చెరొకటి చేశాను. ముందు పులుపు రుచి చూశాను, తర్వాత అతని గ్లాసులోది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నాది నాన్న నాలుకే. నాకు పులుపే ఇష్టం.

అతను తాగాడు. ఆఖరి చుక్క దాకా. ఎప్పట్లాగే అడుగున చెర్రీ వదిలి గ్లాసు నా వైపు జరిపాడు.

"చెర్రీ నీకు అస్సలు పడదా?" అని అడిగాను. మొత్తానికి అడిగే రోజు కదా.

"ప్రాణం" అన్నాడు.

"మరి?"

అప్పుడు చెప్పాడు. మొదటి ఏడాది ఒకనాడు చెర్రీ తినకుండానే లేచాడట. లారీ ఎక్కుతూ వెనక్కి చూస్తే, వెలుగుతున్న కిటికీలో నేను సింకు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, ఆ పండు తింటున్నానట. "పెడితే నువ్వు తినే మనిషివి కాదు. ఇంట్లో అందరికీ పెట్టి నువ్వు తినేది ఆ ఒక్కటే అనిపించింది. అందుకని..." అని ఆగిపోయాడు. ఆ మాత్రం మాట్లాడ్డమే అతనికి ఏడాదికి సరిపడా మాట్లాడ్డం.

చెర్రీల సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇద్దరం చెంచాలతో తిన్నాం, చిన్నపిల్లల్లాగా, వేళ్ళన్నీ ఎర్రగా అయ్యేదాకా. బయట మంచు అలా పడుతూనే ఉంది. ఎప్పుడో మధ్యలో అతను అడగాల్సింది అడిగాడు, నేను చెప్పాల్సింది చెప్పాను.

పెళ్ళి జనవరి పదిహేను, శనివారం. ఇవాళ పొద్దున్నే ఫాదర్‌తో మాట్లాడాం. ఇల్లు అమ్మడం లేదు. నాన్న కుర్చీ మాత్రం వరండాలోకి మార్చాను.

మీ మదర్ దగ్గర సెలవు అడుగు. నువ్వు రావాలి. కోపం పోయి పిలుస్తున్నానని అనుకోకు. కోపం ఇంకా అలాగే ఉంది, నువ్వు ఎదురుగా వచ్చి నిలబడితేనే గానీ అది ఎంతుందో నాకూ తెలియదు. తిరుగు టపాలో ఒక్క సంగతి రాయి, నీకు తీపా, పులుపా? యాభై ఒక్క ఏళ్ళొచ్చాయి నీకు, ఈ ఇంట్లో నిన్నూ ఎవరూ అడిగి ఉండరు. నువ్వు ఏదంటే అది నా చేత్తో నేనే కలిపిస్తాను.

నీ గ్లాసులో చెర్రీ మాత్రం వెయ్యను. సీసా అడుగున నీ పేరు మీద ఒకటి వదిలి మూత పెట్టాను. అది ఇంకా ఊరాలి.

రోజెల్లా