గొంతు తగ్గించమన్నావట

అక్కా,

నిన్న బావగారి స్నేహితుల ముందు నువ్వేదో అన్నావు. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. నన్ను బస్సెక్కించడానికొచ్చిన నీ కూతురు తర్వాత చెప్పింది. "గొంతు తగ్గించవే, పరువు తీస్తున్నావు" అన్నావట.

తగ్గించమనడం మీ అందరికీ ఎంత తేలికో! మా నూలుమిల్లు మేస్త్రీ టీ టైము తగ్గించాడు. మనుషుల్ని తగ్గించి, వాళ్ల మిషన్లూ నా నెత్తినే రుద్దాడు. అక్కడ అరిస్తేనే పక్కమనిషికి వినపడుతుంది. ఆ మోత కాస్త తగ్గించండయ్యా అంటే మాత్రం, "అదే అలవాటైపోతుందిలే" అన్నాడు.

అలవాటైపోయిందక్కా. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది సగమే పనిచేస్తోంది. నా గొంతెంత పెద్దదో నాకే తెలియదు.

ఇకమీదట నన్ను తిట్టాలనిపిస్తే ఎదురుగా నిలబడి, గట్టిగా అరిచి తిట్టు. నలుగురితోపాటు నేనూ నవ్వాలో వద్దో నాకు తెలియాలి కదా.

నీ చెల్లెలు