నర్సప్ప మామ తడిమిన పైపు

సోలాపూర్, దాజీ పేట్
12-7-1993

అమ్మకు వీరేశం దండాలు. నేను మంచిగున్న, నీ తమ్ముని ఇంట్లనే దిగిన.

నల్దుర్గ్ కాడ నా లారీ బ్రేకుల గాలి పైపు పగిలిన మాట నిజమే. ముందు లారీకి, వెనక ట్రెయిలర్‌కు నడుమ రెండు పైపులు వేలాడుతయి. ఒకటి పగిలేసరికి బ్రేకులు పట్టేసి బండి రోడ్డు మీదనే ఆగింది. ఎవ్వలకు దెబ్బ తాకలే. కొత్తది ఏసిన. సోలాపూర్ల బండి నిలిపినంక, రెండోది ఎట్లుందో చూద్దామని ఊడదీసి ఇంటికి తెచ్చిన. నా కంటికి బాగనే ఉండె. కండ్లు పోయిన నర్సప్ప మామ దాన్ని ఒళ్లె పెట్టుకొని, మగ్గం పడుగు మీద చెయ్యి జరిపినట్టు మెల్లగ జరుపుకుంట పోయి ఒక్కకాడ ఆగిండు. "ఈడ ఇనుముకు రాసుకొని పలసవడ్డదిర. లౌకర్, జల్దిన మార్చు, రేపో మాపో పోతది" అన్నడు. మార్చిన. రాసుకోకుంట రెండిటిని మామ నేసిన పాత సాంచె మగ్గం స్ప్రింగుకు వేలాడగట్టమన్నడు, అట్లనే కట్టిన. రోజు పొద్దున తడిమి చూసినంకనే బండి తీస్తున్న. ఇగ బండి మానుకొమ్మని రాయకు.

చెల్లె దగ్గు తగ్గిందా? వానలు ముదరకముందే పెంకులు తిప్పించు. అత్త చింతపండు అడిగింది. బాపు పాత అద్దాలు మామకు పంపుత అన్నవు, వద్దు, అవి పనికిరావు. బాపును అడిగిన అని చెప్పు.

కండ్లు పోయిన ఆరేండ్ల సంది మామ గోడకు ఒరిగి కూసునుడే ఉండె. ఇప్పుడు నా అడుగు చప్పుడు ఇనంగనే, తిన్నవా అని గూడ అడగడు. పైపులు తెచ్చినవా అని రెండు చేతులు చాపుతున్నడు.

నీ కొడుకు
వీరేశం