వెనక ఎడమ చక్రం

ఫిబ్రవరి 6

నర్సమ్మ కారు తెచ్చింది. వెనక ఎక్కడో సన్నగా కీచుమంటోందట. బ్రేక్ నొక్కితే ఆగుతుందట, వదిలితే మళ్ళీ మొదలట. ఆమె ఇంటింటికీ వెళ్ళి గర్భిణుల్ని, బాలింతల్ని చూసే మనిషి. రోజంతా కొండ ఎక్కడం, దిగడం. తొందరగా చూడండి మేస్త్రీ గారూ, బండి లేకపోతే నాకు కాళ్ళు లేనట్టే అంది.

శబ్దం వినకుండా చక్రం విప్పడం నా పద్ధతి కాదు. ముందు చెవి, తర్వాత స్పానర్. ముప్పై ఏళ్ళుగా ఇంతే. అందుకే అందరూ నన్ను చెవి మేస్త్రీ అంటారు. ఆ పేరంటే నాకు గర్వమే, దాచుకోవడం దేనికి?

అదే రోజు, సాయంత్రం 5

టెస్ట్ డ్రైవ్. ఎప్పటిలాగే మా ఆవిడ స్టీరింగ్ పట్టింది, నేను డిక్కీలో పడుకున్నాను. ఈ పనికి ఇంకెవర్నీ నమ్మను. ఆమె నడిపితే గుంత కూడా మర్యాదగా వస్తుంది.

డిక్కీలో చీకటి వేరు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. రోడ్డు వీపు కింద నుంచి పారుతూ పోతుంది. కాసేపటికి నేను కదులుతున్నానో, కింద లోకం కదులుతోందో తెలియదు. ఒక్కోసారి బండి ఆగిపోయినా నాలో ఇంకా నడుస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ళో పడుకుంటే కడుపులోంచి ఆమె మాటలు ఇలాగే వినపడేవి. మాటలు కాదు, వాటి గురగుర.

ఈ రోజు కూడా గురగుర దొరికింది. ఎడమకు తిరిగినప్పుడల్లా బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు పెరుగుతోంది. కుడి బేరింగ్. సందేహం లేదు. కీచు మాత్రం ఎక్కడా లేదు. జనానికి శబ్దాల పేర్లు తెలియవు, ఏది మోగినా కీచే అంటారు.

ఫిబ్రవరి 7

కుడి బేరింగ్ మార్చాను. ఎడమ చక్రం విప్పలేదు. దాని నుంచి శబ్దమే రాలేదు, ఎందుకు విప్పాలి? అయినా రిమ్ము సందులోంచి టార్చ్ వేసి చూశాను. బ్రేక్ ప్యాడ్ ఇంకా మందంగానే ఉంది. నర్సమ్మ సంతోషంగా తీసుకెళ్ళింది.

ఈ ఏడు దోమల బెడద లేదు. చెవి దగ్గర ఆ పాటే లేదు. పడుకుంటే ఒకటే నిద్ర. మునిసిపాలిటీ వాళ్ళకి దండం పెట్టాలి.

ఫిబ్రవరి 11

నర్సమ్మ మళ్ళీ వచ్చింది. గురగుర పోయిందట, కీచు పోలేదట. నిన్న ఒక ఇంటి ముందు ఆపబోతే, బిడ్డ ఇప్పుడే పడుకుంది, మీ కారు దూరంగా పెట్టండమ్మా అన్నారట.

నేనే నడిపి చూశాను. రెండు వీధులు తిరిగాను. అద్దాలు దించాను. ఏమీ లేదు. నున్నగా, మెత్తగా, పాల మీద మీగడలా పోతోంది బండి. ఏమీ లేదమ్మా, మీ భ్రమ అన్నాను.

ఆమె నా వంక కాసేపు చూసి తాళం తీసుకుంది. మా ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా నా వంకే చూస్తోంది. ఏమిటని అడిగితే ఏమీ లేదంది.

ఫిబ్రవరి 12

తెల్లవారుజామున కల. నర్సమ్మ కారు నీళ్ళ అడుగున వెళ్తోంది. అద్దంలోంచి ఆమె నాకేదో చెబుతోంది. నోట్లోంచి బుడగలు వస్తున్నాయి. ఎంత అందంగా ఉన్నాయో.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 1

అన్నం ముందు కూర్చున్నాక చెప్పింది మా ఆవిడ. మొదటి రోజు గేటు దాటగానే తనకు కీచు వినపడిందట. ఎడమ వైపట. అంతటి చెవి మేస్త్రీకి వినపడే ఉంటుంది, నేను చెప్పేదేముంది అనుకుందట. మొన్న నేను భ్రమ అన్నప్పుడు తెలిసిందట, నాకు వినపడలేదని.

ఒళ్ళు మండింది. నా చెవుల సంగతి నీకేం తెలుసని కేకలేశాను. ఆమె కేకలేయలేదు. చేతులు చాపి చూపించింది. మోచేతి దాకా దోమకాట్లు, ఎర్రగా దద్దుర్లు. రాత్రంతా అవి పాడుతూనే ఉన్నాయట. ఏడాదిగా నా ఫోన్ మోగితే తనే వచ్చి చెబుతోంది. నేను పనిలో మునిగి ఉన్నానని అనుకునేవాణ్ణి.

తల కొట్టేసినట్టయింది. గురగురలు వినపడుతున్నాయి, సన్నటి శబ్దాలే నా చెవికి అందడం లేదు.

ఆ తర్వాత ఇంకోటి తట్టింది. చక్రానికి రెండు బ్రేక్ ప్యాడ్లు, డిస్కుకు అటొకటి ఇటొకటి; నేను టార్చ్ వేసి చూసింది బయటిదే. లోపలి దానికి చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగిపోతే అది డిస్కును గీరుతూ కీచుమంటుంది. అదేం రోగం కాదు, మనిషిని హెచ్చరించడానికే పెట్టారు. దాన్ని నేను భ్రమ అన్నాను. నర్సమ్మ ఆ బ్రేకులతో కొండ దిగుతోంది.

నర్సమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. స్కూటర్ తీశాను, మా ఆవిడ వెనకెక్కింది.

అదే రోజు, సాయంత్రం 6

కొండ మీద రెండో మలుపులో దొరికింది. ఒక ఇంటి ముందు కారు, లోపల ఆమె ఎవరికో బీపీ చూస్తోంది. అక్కడే జాకీ వేసి ఎడమ చక్రం విప్పాను.

పైన పటారం, లోన లొటారం. బయటి ప్యాడ్ శుభ్రంగా ఉంది. లోపలిది అసలు లేదు, ఇనుము మీద ఇనుము. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జారే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది, భారమంతా ఒక్క ప్యాడే మోసింది. డిస్కు మీద గాట్లు.

నర్సమ్మ బయటికొచ్చింది. మీది భ్రమ కాదమ్మా, నాకు వినపడలేదు అన్నాను. ముప్పై ఏళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆమె చడామడా తిట్టింది. నిన్న ఆ కారులోనే ఒక నిండు గర్భిణిని కిందికి తెచ్చిందట. తిట్టనిచ్చాను. తిట్టి తిట్టి ఆగి, ఎప్పటి నుంచి ఇలా అని అడిగింది, ఈసారి నర్సులాగా. నాకు తెలియదు, మా ఆవిణ్ణి అడగండి అన్నాను. తమ ఆస్పత్రికి చెవి డాక్టరు గురువారం వస్తాడట, రాకపోతే తనే వచ్చి లాక్కెళ్తానంది. క్రేన్ బండిని పిలిపించి, కారు వెనక భాగం గొలుసుతో పైకెత్తించి కొండ దించాం.

ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదనుకుంటా.

ఫిబ్రవరి 15

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు, పిన్నుకు గ్రీజు.

ఈసారి డిక్కీలో మా ఆవిడ పడుకుంది. నేను నడిపాను. నాలుగు వీధులు తిరిగినా డిక్కీలోంచి ఉలుకూ పలుకూ లేదు. ఆపి, మూత ఎత్తాను. కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయావా అంటే, కాదు, వింటున్నానంది. ఏం వినపడుతోందన్నాను. చక్రాలు తిరుగుతున్నాయట. అంతేనట.

ఇంకాస్త దూరం పోనివ్వమంది.