ఎడమా కుడీ లేని బూట్లు

సెప్టెంబర్ 3
షగ్దర్ మావయ్య తన బూట్లు నాకిచ్చాడు. గుర్రం తన్ని మోకాలు విరిగింది, ఈ ఏడు ఆయన జీను ఎక్కలేడు. తొలిమంచు పడగానే అరవై రెండు గుర్రాల్ని చలికాలపు మేతకి తోలాలి. ముందు ఈ బూట్లు చూసుకో, తర్వాత గుర్రాల సంగతి మాట్లాడదాం అన్నాడు. కుదిరితే మంద నా చేతికి. లేకపోతే పొరుగు చొయ్‌జిల్‌కి.

నేనెక్కడా నిలవను. ఎనిమిదిలో బడి మానేశాను. గని క్యాంటీన్‌లో నాలుగు నెలలు. సిటీలో కార్లు కడుగుతూ రెండు. ఈ బూట్లకి నలభై నాలుగేళ్ళు. పెళ్ళికి కుట్టించుకున్నాడట.

సెప్టెంబర్ 4
బూట్ల తోలుకి గొర్రె తోక కొవ్వు బొటనవేలితోనే రుద్దాలట, గుడ్డతో కాదు. పొయ్యి దగ్గర పెట్టకూడదు. తడిస్తే లోపల పొడి ఉన్ని కుక్కాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నా.

సెప్టెంబర్ 6
రెండూ ఒకేలా ఉన్నాయి! రోజూ తికమక. లోపల పెన్నుతో ఎడమ, కుడి అని రాసేశా. శని వదిలింది.

సెప్టెంబర్ 19
నేనూ గుర్రమూ ఏరు దాటాం. నీళ్ళు గుర్రం పొట్ట దాకా వచ్చాయి. అవతలి గట్టున బూట్లు విప్పి చూస్తే లోపల ఉన్ని మేజోళ్ళు పొడిగా ఉన్నాయి. చాలాసేపు వాటివైపే చూస్తూ కూర్చున్నా. సిటీలో కొన్న నా షూ నాలుగు నెలలకే నోరు తెరిచింది.

అక్టోబర్ 11
కొంప మునిగింది. రెండు సోళ్ళూ బయటి అంచున అరిగి వాలిపోయాయి. ఒకదాని కుట్లు తెగాయి. మావయ్య లోపలికి తొంగి చూశాడు. నా రాత కనబడింది.

అత్త నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది. బడి మానేశాడు గానీ రాత మానలేదే వీడు, అంది.

మావయ్య నవ్వలేదు. రోజూ ఆ కాలిది ఈ కాలికి మార్చి తొడుక్కోవాలని కూడా చెప్పాలట్రా? అందుకేగా రెండూ ఒక్కలా కుట్టేది, అప్పుడేగా సమంగా అరిగేది! పాకే పిల్లలకి తెలుసురా ఇది, అన్నాడు. చొయ్‌జిల్‌కి కబురు పెడతానన్నాడు.

నేనే బాగుచేస్తా, అప్పటిదాకా ఆగు మావయ్యా అన్నాను. ఎందుకన్నానో తెలీదు. వేరేచోటైతే ఈపాటికి బస్సెక్కేవాణ్ణి.

అక్టోబర్ 12
సోల్ విప్పించాడు. తోలు, దాని మీద ఉన్ని, మళ్ళీ తోలు. పొర కింద పొర. అంచు చుట్టూ పాత కుట్ల చిల్లులు, ఒక వరస పక్కన ఇంకో వరస. ఇది పదకొండో సోల్ అట. పై తోలు మాత్రం మొదటిదే.

పిక్క దగ్గర రికాబు పట్టీ రాసుకుని రాసుకుని అద్దంలా మెరుస్తోంది. అక్కడ వేలు పెట్టాను. నలభై నాలుగేళ్ళ స్వారీ నా వేలి కింద.

అక్టోబర్ 14
తోలుకి చిల్లు పొడిచే ఆరెతో పొడుచుకుని వేళ్ళు తూట్లు పడ్డాయి. నరంతో పేనిన దారం తడిగా ఉండగానే లాగి బిగించాలి, ఆరితే అదే పట్టేస్తుంది. నిన్న రెండుసార్లు మావయ్య నా కుట్టు పీకేశాడు. ఇది కుట్టా, దోమ కాటా అన్నాడు. ఇవాళ పళ్ళతో లాగాడు. రాలేదు. బూటు నా ఒళ్ళో పడేసి టీ తాగాడు.

అక్టోబర్ 15
మార్చి తొడుక్కున్నా. ఎవరి కాళ్ళో అరువు తెచ్చుకున్నట్టుంది.

అక్టోబర్ 18
ఇవాళ నడిచేటప్పుడు బూట్ల సంగతే మర్చిపోయా. చొయ్‌జిల్ వచ్చి, టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళాడు. మావయ్య గుర్రాల ఊసెత్తలేదు.

అక్టోబర్ 27, పొద్దున్నే
మంచు. అరవై రెండు గుర్రాలూ నా ముందే ఉన్నాయి. దారి బాగుండాలని బయల్దేరేవాళ్ళ వెనక పాలు చల్లేది ఎప్పుడూ అత్తే. ఇవాళ మావయ్య ఉన్ని మేజోళ్ళతోనే మంచులోకి దిగి, ఆవిడ చేతిలో గరిటె లాక్కుని చల్లాడు.