పైడి రంగు దొరకలేదు

ఖరగ్‌పూర్

ఒరే సింహాచలం,

మీ అక్కని తోలుకుపొమ్మని రాయడం లేదు, భయపడకు. మా పిల్ల పైడి జొరంతో పోయినకాడి నుంచీ గోడకేసి సూస్తా కూకుంటంది గదా, రైల్వే ఇనిస్టిట్యూట్‌లో నీటిరంగుల బొమ్మలు నేర్పతన్నారంటే చేర్పించినాను. ఇంట్లో పిల్ల ఫొటో ఒక్కటీ లేదు, మొహం గీస్తానంది. రంగులకి ఖరిదా బజారెళ్ళినాం. దుకాణం దాదా రంగుబిళ్లలన్నీ పరిచినాడు. ఒక్కోటీ తడిపి కాయితం మీద రాసి, "ఇది పైడి రంగు కాదు" అంటాది.

"మరేటి రంగే?" అన్నాను. నాకేసి సూసింది. నాకూ గుర్తు రాలేదురా.

"నా మొహం గీయవే, ఒక్క నలుపుతో అయిపోద్ది" అన్నాను. దాదా నవ్వినాడు. మీ అక్క నవ్వలేదు. ఒట్టి బ్రష్షు కొనుక్కొని వచ్చేసినాం.

నీ చిన్నకూతురూ పైడీ ఒకే రంగని మీ అమ్మ అనేది. దాన్ని ఓపాలి తీసుకురా, దుకాణంలో పక్కన నిలబెట్టి రంగు ఎంచుకుంటాం. ఎందుకో దానికి చెప్పకు. రసగుల్లాలకని చెప్పు.

మీ బావ