పాత ఓడలోకి దించిన లాంతరు

నూజివీడు, 1966 మే, శుక్రవారం రాత్రి

హమ్మయ్య, అమ్మ ఒప్పుకుంది! తమ్ముడు రేపు నేవీలో చేరడానికి బయల్దేరుతున్నాడు.

వాడి పని ఇంజను గదిలో అనీ, అది నీళ్ళ మట్టానికి కిందుంటుందనీ తెలిసినప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. మా మేనమామ ధాన్యం పాతరలోకి దిగి, గాలాడక అందులోనే పోయాడు మరి. అప్పటి నుంచి మా ఇంట్లో ముందు లాంతరు దించి, అది ఆరకపోతేనే పాతరలోకి దిగుతాం. అందుకే ఇవాళ మామిడికాయల లారీలో ఇద్దరినీ బెజవాడ తీసుకెళ్ళాను. అక్కడ కృష్ణ ఒడ్డున నేవీ వాళ్ళ పాత చిన్న ఓడను తెచ్చి జనం చూడటానికి పెట్టారు.

ఓడ ఎక్కగానే అమ్మ సంచిలోంచి లాంతరు తీసింది. "ముందు ఇది కిందికి దించండి నాయనా. ఆరిపోయిందంటే నా కొడుకు ఏ ఓడా ఎక్కడు."

కాపలా ఆయన నవ్వుతాడనుకున్నా. "మాది ఈ పక్క ఉంగుటూరేనమ్మా, మా ఇంట్లోనూ పాతరుంది. ఈ ఓడలో ఇప్పుడు ఇంజను నూనె లేదులే, మంట దించినా భయం లేదు" అంటూ తనే వెలిగించి, తాడు కట్టి దించాడు. నలుగురం వంగి చూశాం. మంట చిన్నదైంది. మళ్ళీ నిలబడింది.

అందరికంటే ముందు అమ్మే నిచ్చెన దిగింది. "ఒరేయ్, మన కాయలు మాగేసే కొట్టు కంటే ఇదే నయంరా!" అని కింద నుంచి కేకేసింది.

ఇంటికి రాగానే ఆ లాంతరు తమ్ముడి పెట్టెలో సర్దింది.

"ఓడలో కరెంటుంటుందమ్మా, అందరూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీరా. నువ్వు మాత్రం దించి చూసే దిగు."

ఓడలో నిప్పు ఒప్పుకోరేమోనని, ఇందాకే అందులోని కిరసనాయిలు బయటికి ఒంపేశాను. అమ్మకి చెప్పలేదు. ఇన్నాళ్ళకి గుర్రు పెట్టి నిద్రపోతోంది...